ఆటను, అలవాటును కలిపి మలిచిన గురువు సయ్యద్ అబ్దుల్ రహీం

భారతదేశం ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణ పతకాన్ని రెండుసార్లు గెలుచుకుంది. మొదటిసారి 1951లో న్యూఢిల్లీలో, రెండవసారి 1962లో జకార్తాలో. ఆ తరువాత ఆరు దశాబ్దాలు గడిచినా మూడవ స్వర్ణం రాలేదు. ఆ రెండు విజయాల వెనుక ఉన్న శిక్షకుడు ఒక్కరే. ఆయన హైదరాబాదుకు చెందిన పాఠశాల ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులకు, అభిమానులకు ఆయన రహీం సాబ్.

రాయచూరు జిల్లా ప్రజలకు ఈ పేరు పరాయిది కాదు. 1956 అక్టోబరు 31 వరకు రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. మట్మారి నుంచి రైలెక్కి రాయచూరు, వాడి మీదుగా హైదరాబాదు చేరే ప్రయాణికునికి అది అప్పట్లో సొంత రాజధాని. ఆ రాజధానిలో పుట్టిన ఒక పోలీసు జట్టు, కలకత్తా, బొంబాయి నగరాల పెద్ద క్లబ్బులను వరుసగా ఓడించి దేశాన్ని ఆశ్చర్యపరిచింది. ఆ జట్టుకు ధనబలం లేదు, వేలాది అభిమానుల అండ లేదు. ఉన్నవి రెండే. ఒకటి, కలిసి బ్రతికే అలవాటు. రెండు, ఆ అలవాటుకు తగిన ఆట తీరు. ఈ రెండింటిని ఒకదానితో ఒకటి పెనవేసిన శిల్పి రహీం. ఆయన జీవితాన్ని పరిశీలిస్తే, ఒక సంస్థ నడవడి దాని వ్యూహాన్ని ఎలా నిర్ణయిస్తుందో, వ్యూహం తిరిగి ఆ నడవడిని ఎలా మారుస్తుందో స్పష్టంగా అర్థమవుతుంది.

ఉపాధ్యాయుని చేతి బంతి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అది నిజాం పాలనా కాలం. ఉర్దూ రాజభాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన ఆర్ట్స్ పట్టా పొందారు. విద్యార్థి దశలో విశ్వవిద్యాలయ జట్టుకు ఆడి మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. తరువాత నగరంలోని స్థానిక క్లబ్బులలోనూ ఆడారు. అయితే ఆయన జీవిక ఆట కాదు, బోధన. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి విద్యాసంస్థలలో ఆయన పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పూర్తిచేసి, పాఠశాలల క్రీడా బాధ్యతలను కూడా స్వీకరించారు.

ఈ నేపథ్యం చాలా ముఖ్యమైనది. ఆ రోజులలో జట్టును నడిపేవారు ఎక్కువగా అధికారులో, ధనికులైన పోషకులో, పూర్వ క్రీడాకారులో అయి ఉండేవారు. రహీం మాత్రం బడిపంతులు. పాఠం ఒక్కరోజులో రాదని, పునశ్చరణ వల్లనే వస్తుందని ఆయనకు తెలుసు. తరగతిలో చురుకైన పిల్లవాడు ఒక్కడే ముందుకు పోతే ఉపాధ్యాయుడు గెలిచినట్టు కాదని, వెనుక బల్ల మీది వాడు కూడా అందుకోవాలని ఆయనకు తెలుసు. ఈ రెండు సూత్రాలనూ ఆయన తరగతి గది నుంచి మైదానానికి తీసుకుపోయారు.

1940వ దశకంలో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. మరణించే వరకు ఆ సంఘానికి సేవ చేశారు. స్థానిక లీగ్ పోటీలను క్రమబద్ధం చేయడం, పాఠశాల పిల్లలకు పోటీలు ఏర్పాటు చేయడం, మంచి ఆటగాడు ఏ వాడలో ఉన్నాడో వెతికి పట్టుకోవడం ఆయన దినచర్య.

కవాతు నేర్పిన క్రమశిక్షణ

రహీం పేరు దేశమంతటా మారుమోగడానికి కారణం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. హైదరాబాదు సంస్థానం 1948 సెప్టెంబరులో భారత యూనియన్‌లో విలీనమైంది. నగరం ఇంకా ఆ కల్లోలపు గాయాల నుంచి కోలుకుంటూ ఉంది. ఆ సమయంలో, 1950 నుంచి, ఈ జట్టు సాధించిన విజయాలు నగరవాసులకు కొత్త ఆత్మవిశ్వాసాన్ని ఇచ్చాయి. పోలీసు శాఖ ఉన్నతాధికారి శివకుమార్ లాల్ వంటివారు జట్టుకు అండగా నిలిచారు. ఉద్యోగాలు ఇచ్చి ఆటగాళ్ళను నిలబెట్టడం శాఖ పని. వారిని ఒక జట్టుగా మలచడం రహీం పని.

పోలీసు ఉద్యోగి అయిన ఆటగాడు పొద్దున్నే లేస్తాడు, కవాతులో వరుస తప్పడు, పై వారి మాట జవదాటడు. ఇది ఆ జట్టుకు సహజంగా ఉన్న సంస్కృతి. ఇందులో బలం ఉంది, ప్రమాదమూ ఉంది. ఆజ్ఞ కోసం ఎదురుచూసే అలవాటు ముదిరితే మైదానంలో ఆటగాడు సొంతంగా ఆలోచించలేడు. బంతి కాలి దగ్గరకు వచ్చిన క్షణంలో ఆజ్ఞ ఇచ్చేందుకు పక్కన అధికారి ఉండడు. రహీం గ్రహించినది ఇదే. కవాతులోని వరుసను ఆయన ఉంచుకున్నారు, అందులోని భయాన్ని తీసివేశారు. గట్టిగా అరిచే శిక్షకుడు కాదాయన. మితభాషి. నిరాడంబరుడు. ఆటగాని లోపాన్ని పక్కకు పిలిచి వివరించేవారు. అధికారి మాటకు లోబడే అలవాటును ఆయన, తోటివాని మీద ఆధారపడే అలవాటుగా మార్చారు.

డ్రిబ్లింగ్ లేని పోటీలు

ఆనాటి భారతీయ ఆటగాళ్ళకు బంతిని కాళ్ళ మధ్య తిప్పుతూ ఎదుటివారిని ఒక్కొక్కరినీ దాటుకుపోవడం అంటే ప్రాణం. ప్రేక్షకులూ దానికే చప్పట్లు కొట్టేవారు. అయితే అటువంటి ఆటలో ఒకరు ఆడుతుంటే పదిమంది చూస్తారు. దీనిని మాన్పించడానికి రహీం ఉపన్యాసాలు ఇవ్వలేదు, పోటీ నియమాలనే మార్చారు. డ్రిబ్లింగ్‌ను నిషేధించిన పోటీలను నిర్వహించారు. ఆ పోటీలలో బంతి అందగానే మరొకరికి ఇవ్వవలసిందే. ఎడమ కాలు బలహీనంగా ఉన్నవాడు ఎడమ కాలితోనే, కుడి కాలు బలహీనంగా ఉన్నవాడు కుడి కాలితోనే తన్నవలసిన పోటీలను కూడా ఆయన ప్రవేశపెట్టారు. చిన్న వయస్సు పిల్లలకు వేరుగా పోటీలు నిర్వహించారు.

ఇవి చూడడానికి చిన్న మార్పులే. కానీ వీటి ఫలితం లోతైనది. బంతిని ఒక్క స్పర్శతో మరొకరికి అందించే ఆటగాడు, తనకంటే ముందు తోటివాడు ఎక్కడ ఉన్నాడో చూడాలి. బంతి లేని ఆటగాడు ఊరక నిలబడక, ఖాళీ స్థలానికి పరుగెత్తాలి. ఆ విధంగా పాస్ అనేది కాలి విద్యగా కాక మనసు అలవాటుగా మారింది. మొక్కై వంగనిది మానై వంగదన్న పెద్దల మాటను రహీం ఎరుగుదురు. అందుకే వంచవలసిన వయస్సులోనే వంచారు. పాఠశాల పోటీలలో ఇలా తయారైన బాలుడు స్థానిక క్లబ్బుకు, అక్కడి నుంచి పోలీసు జట్టుకు చేరేసరికి, ఆట తీరును కొత్తగా నేర్పవలసిన అవసరం ఉండేది కాదు.

వరుస విజయాలు

బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ 1891లో మొదలైన పాత పోటీ. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు ఆ కప్పును గెలుచుకుంది. 1957లో మళ్ళీ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మారిన తరువాత 1960లో గెలిచి, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి సంయుక్త విజేతగా నిలిచింది. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పును 1950లోను, 1954లోను, 1957లోను, ఆపై 1961లోను సొంతం చేసుకుంది. 1950 డ్యూరాండ్ తుది పోటీలో మోహన్ బగాన్ రెండు గోల్స్ ఆధిక్యంలో ఉండగా పోలీసు జట్టు పుంజుకొని స్కోరును సమం చేసింది. మళ్ళీ జరిగిన ఆటలో ఒక్క గోల్‌తో గెలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, లాయిక్ వంటి పేర్లు ఆ రోజులలో ఇంటింటా వినిపించాయి.

అదే కాలంలో కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఐదుగురు మేటి ఫార్వర్డ్‌లు ఉండేవారు. వెంకటేష్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఆ ఐదుగురిని అభిమానులు పంచ పాండవులని పిలిచేవారు. వీరిలో అహ్మద్ ఖాన్ బెంగళూరు బిడ్డ. ఆ క్లబ్బు దక్షిణాది నుంచి, ఇతర ప్రాంతాల నుంచి మేటి ఆటగాళ్ళను రప్పించుకొని, లక్షల మంది అభిమానుల ఆకాంక్షకు తగినట్టు దూకుడుగా ఆడేది. దాని సంస్కృతికి ఆ వ్యూహం సరిపోయింది. హైదరాబాదు పోలీసులకు అటువంటి ధనం లేదు. బయటివారిని కొనలేరు గనుక ఉన్న స్థానిక యువకులనే తీర్చిదిద్దుకోవాలి. మేటి ఆటగాడు ఒక్కడు లేకపోయినా కూలిపోని ఆట కావాలి. ఒక్క స్పర్శ పాస్‌ల మీద నడిచే ఆట అందుకు సరిగ్గా సరిపోయింది. పేదరికం నుంచి పుట్టిన అవసరమే వ్యూహమై, ఆ వ్యూహమే జట్టు గౌరవమై నిలిచింది.

హెల్సింకీ చెంపపెట్టు

1951 మార్చిలో న్యూఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం శిక్షణలో, శైలేన్ మన్నా నాయకత్వంలో భారత జట్టు తుది పోటీలో ఇరాన్‌ను ఒక్క గోల్ తేడాతో ఓడించింది. ఆ గోల్ చేసినవారు మేవాలాల్. దేశమంతా సంబరపడింది.

మరుసటి సంవత్సరమే ఆ సంతోషం ఆవిరైంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 10–1 తేడాతో ఓడిపోయింది. చలి దేశంలో, తడిసిన నేల మీద మన ఆటగాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. అప్పటికి భారత జట్లు ఆడేది పాతకాలపు పద్ధతి. వెనుక ఇద్దరు రక్షకులు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు. ఐరోపాలో ఈ పద్ధతిని వదిలిపెట్టి చాలాకాలమైంది.

ఓటమికి ఎవరినో నిందించడం సులభం. రహీం దానిని పాఠంగా తీసుకున్నారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. రహీం ఆట ఆకృతినే మార్చడం ప్రారంభించారు. రక్షణలో ముగ్గురిని నిలిపారు. సెంటర్ ఫార్వర్డ్‌ను గోల్ ముందు నిలబెట్టక, కొంత వెనక్కి పిలిచి, అక్కడి నుంచి దాడిని నడిపించే బాధ్యతను అప్పగించారు. 1953లో హంగరీ జట్టు ఇదే విధమైన ఆటతో లండన్‌లో ఇంగ్లండును 6–3తో ఓడించినప్పుడు ప్రపంచమంతా నివ్వెరపోయింది. హైదరాబాదులోని ఒక బడిపంతులు ఆ ఆలోచనతో అప్పటికే ప్రయోగాలు చేస్తూ ఉండడం గమనించదగిన విషయం.

ఇక్కడ వ్యూహమే సంస్కృతిని మార్చింది. ఉత్త కాళ్ళతో ఆడడం నాటి ఆటగాళ్ళకు అలవాటే కాదు, ఒక విధమైన అభిమానం కూడా. బంతిని చర్మంతో తాకితేనే పట్టు ఉంటుందని వారి నమ్మకం. బూటు ధరించడమంటే వారు కాలి విద్యను మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవడమే. అలాగే, గోల్స్ చేసి పేరు తెచ్చుకునే ఫార్వర్డ్ వెనక్కి వచ్చి ఇతరులకు బంతి అందించడమంటే తన కీర్తిని పక్కవానికి పంచడమే. అహంకారం పెరిగిన జట్టులో ఈ మార్పు నిలవదు. డ్రిబ్లింగ్ లేని పోటీలలో పెరిగిన హైదరాబాదు కుర్రవాళ్ళకు మాత్రం అది కష్టం కాలేదు. పంచుకోవడం వారికి ముందే అలవాటు.

రాష్ట్రం మారిన నెల

1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగింది. హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైంది. తెలంగాణ జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో, రాయచూరు, గుల్బర్గా, బీదరు జిల్లాల కన్నడ ప్రాంతాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. మట్మారి వంటి గ్రామాలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు రాత్రికి రాత్రి కొత్త రాష్ట్రానికి చెందినవారయ్యాయి. చుట్టరికాలు గీతకు ఇరువైపులా ఉండిపోయాయి.

సరిగ్గా నెల రోజులకు, 1956 డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం శిక్షణ పొందిన భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే. సెమీఫైనల్‌లో అదే యుగోస్లావియా ఎదురైంది. ఈసారి భారతే ముందుగా గోల్ చేసింది. చివరకు 4–1తో ఓడినా, నాలుగేళ్ళ కిందటి 10–1తో పోల్చితే అది వేరే జట్టు. కాంస్య పతక పోటీలో బల్గేరియా చేతిలో ఓడి భారత్ నాల్గవ స్థానంలో నిలిచింది.

ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, తులసీదాస్ బలరాం, జుల్ఫికరుద్దీన్ హైదరాబాదు, సికింద్రాబాదు మైదానాలలో పెరిగినవారు. కెంపయ్య మైసూరు రాష్ట్రం నుంచి వచ్చినవారు. పటం మీద గీతలు మారిన కాలంలో, ఆటలో మాత్రం దక్కను అంతా ఒక జట్టుగానే నిలిచింది. ఆ క్రీడా సంవత్సరంలోను, తరువాతి సంవత్సరంలోను జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని గెలుచుకున్న జట్టు పేరు కూడా హైదరాబాదే. రాష్ట్రం చరిత్రలో కలిసిపోయినా, దాని పేరు కొంతకాలం ట్రోఫీల మీద బ్రతికింది.

కలకత్తా పిలుపు

రహీం ఎంపిక చేసినవారిలో బలరాం కథ ప్రత్యేకం. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పేద కుటుంబంలో 1936లో ఆయన జన్మించారు. ఆయన ఆటను చూసిన రహీం హైదరాబాదుకు రమ్మన్నారు. అంత దూరం రావడానికి బలరాం దగ్గర సైకిల్ లేదు, అద్దెకు తీసుకునే స్తోమతా లేదు. ఆ అద్దె డబ్బును రహీమే ఇచ్చేవారని బలరాం తరువాతి కాలంలో కృతజ్ఞతతో గుర్తుచేసుకున్నారు. ఆ కుర్రవాడే ఇరవై ఏళ్ళకు ఒలింపిక్ ఆటగాడయ్యారు.

1957లో బలరాం ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్ళిపోయారు. ఆయన ఒక్కరే కాదు. హైదరాబాదులో తయారైన అనేకమంది కలకత్తా, బొంబాయి క్లబ్బుల బాట పట్టారు. పోలీసు జీతం కంటే అక్కడ రాబడి ఎక్కువ, పేరు ఎక్కువ. పంట హైదరాబాదుది, గాదె కలకత్తాది అన్నట్టయింది. పొట్ట చేత పట్టుకొని బెంగళూరుకో, హైదరాబాదుకో వలస పోయే యువకులున్న సరిహద్దు గ్రామాలకు ఇది తెలియని బాధ కాదు. పోయినవారిని తప్పుపట్టలేము. ఉన్నచోట నిలిపే శక్తి ఉన్న ఊరికి లేదు.

అయినా పోలీసు జట్టు వెంటనే కూలిపోలేదు. కారణం, ఒకరు పోతే ఆ స్థానంలో అదే పద్ధతిలో పెరిగిన మరొకరు సిద్ధంగా ఉండడం. యూసుఫ్ ఖాన్, అఫ్జల్ వంటివారు ఆ విధంగా వెలుగులోకి వచ్చారు. సంస్కృతి బలంగా ఉన్నంతకాలం వ్యక్తుల రాకపోకలను సంస్థ తట్టుకోగలదని ఈ కాలం నిరూపించింది.

జకార్తా పరీక్ష

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ బలమైన ఫ్రాన్స్‌తో 1–1గా ఆటను ముగించింది. హంగరీ చేతిలో 1–2తో మాత్రమే ఓడింది. భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో ఆడడం అదే చివరిసారి. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం ఆ బృందంలో సభ్యుడు. అయితే ఆయన మైదానం వెలుపలే ఉండిపోయారు. హకీం తరువాత అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకునిగా పేరు పొంది 2021లో కన్నుమూశారు.

1962 ఆసియా క్రీడల నాటికి రహీంను క్యాన్సర్ లోలోపల తినివేస్తూ ఉంది. ఆ స్థితిలోనే ఆయన జట్టును జకార్తాకు తీసుకువెళ్ళారు. ఇప్పుడు ఆయన వ్యూహం మరొక మెట్టు ఎక్కింది. వెనుక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పును గెలిచిన పద్ధతి ఇదే.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓటమి ఎదురైంది. థాయిలాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో ఓడించి జట్టు కోలుకున్నా, ప్రధాన రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గాలిలోని బంతిని తలతో కొట్టే పనిలో ఆయనకు ప్రమాదం. మరొక శిక్షకుడైతే ఆయనను ఇంటికి పంపేవారు. రహీం ఆయనను రక్షణ నుంచి తీసి, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3–2తో గెలిచిన ఆటలో జర్నైల్ ఒక గోల్ చేశారు.

మైదానం వెలుపల పరిస్థితి మరీ కఠినం. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండొనేషియా ప్రవేశం నిరాకరించింది. ఆసియా క్రీడల స్థాపకులలో ఒకరైన భారతీయుడు గురుదత్ సోంధీ దీనికి అభ్యంతరం తెలిపారు. దాంతో జకార్తా ప్రజల ఆగ్రహం భారత బృందం వైపు మళ్ళింది. 1962 సెప్టెంబరు 4న తుది పోటీకి స్టేడియం నిండిపోయింది. ఆ జనమంతా భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్నారు. ఆ హోరు మధ్య భారత ఆటగాళ్ళకు మద్దతుగా చప్పట్లు కొట్టినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉండడం విశేషం.

ఆ రోజు గోల్‌కీపర్‌గా రహీం అనారోగ్యం నుంచి ఇంకా పూర్తిగా తేరుకోని పీటర్ తంగరాజ్‌ను ఎంచుకున్నారు. కొరియా వారు ఎత్తైన బంతులతో దాడి చేస్తారు గనుక పొడవైన తంగరాజ్ అవసరమని ఆయన అంచనా. పక్కన ఉండిపోయిన ప్రద్యుత్ బర్మన్ ఆ నిర్ణయాన్ని జట్టు మేలు కోసం అంగీకరించారు. మొదటి ఇరవై నిమిషాలలోనే పి. కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేశారు. చివరిలో కొరియా ఒకటి తీర్చుకున్నా, చునీ గోస్వామి నాయకత్వంలోని భారత్ 2–1తో స్వర్ణం గెలిచింది. తుది పోటీకి ముందు గురువు తమను స్వర్ణ పతకాన్ని కానుకగా అడిగారని ఆటగాళ్ళు జీవితాంతం చెప్పుకున్నారు.

రక్షకుడు ఫార్వర్డ్‌గా మారడం, కోలుకుంటున్నవాడు గోల్ ముందు నిలబడడం, ఆరోగ్యంగా ఉన్నవాడు మౌనంగా పక్కకు తప్పుకోవడం. కాగితం మీద ఇవన్నీ వ్యూహాలు. కానీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేని జట్టులో వీటిలో ఒక్కటి కూడా ఆచరణకు రాదు. పన్నెండేళ్ళుగా పెంచిన అలవాటు ఆ ఒక్క సాయంత్రం ఫలించింది.

గురువు తరువాత

రహీం 1963 జూన్ 11న హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన వయస్సు 53 సంవత్సరాలు. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ పోలీస్ మరొకసారి రోవర్స్ కప్పును గెలిచింది. గురువు లేకున్నా చక్రం కొంతకాలం తన వేగంతోనే తిరిగింది. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని గెలుచుకుంది. ఆపై క్రమంగా వెలుగు తగ్గింది. ఆయన శిష్యుడైన పి. కె. బెనర్జీ, జి. ఎం. హెచ్. బాషాతో కలిసి శిక్షణ ఇచ్చిన భారత జట్టు 1970 ఆసియా క్రీడలలో కాంస్యం సాధించింది. అంతే. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు పతకం లేదు.

ఎందుకిలా జరిగిందన్న ప్రశ్నకు ఒక్క సమాధానం చాలదు. మేటి ఆటగాళ్ళ వలస ఒక కారణం. పాఠశాలల మైదానాలు కుదించుకుపోవడం మరొకటి. అయితే అన్నిటికంటే లోతైనది వేరొకటి ఉంది. రహీం నిర్మించిన సంస్కృతిని ఆయన భుజాలే మోశాయి. సంఘం కార్యదర్శి ఆయనే, పోలీసు శిక్షకుడు ఆయనే, పాఠశాల పోటీల నిర్వాహకుడు ఆయనే, జాతీయ శిక్షకుడు ఆయనే. ఆ నాలుగు పనులను నలుగురికి అప్పగించి, పద్ధతిని కాపాడే వ్యవస్థ ఏర్పడలేదు. విజేతలకు సన్మానాలు జరిగాయి గాని, డ్రిబ్లింగ్ లేని ఆ చిన్న పిల్లల పోటీలను కొనసాగించడం గురించి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఫలాన్ని చూసినవారు వేరును మరచిపోయారు.

ఇటీవలి చరిత్ర కూడా ఈ మాటనే మరొక విధంగా చెబుతుంది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సి అనే వృత్తి క్లబ్బు ఏర్పడింది. స్పెయిన్ దేశపు శిక్షకుడు మనోలో మార్కెజ్ యువ భారతీయులను నమ్ముకొని చక్కటి ఆట తీరును అలవరచారు. 2021–22లో ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. తరువాత శిక్షకుడు వెళ్ళిపోయారు, క్లబ్బు ఆర్థిక ఇబ్బందులలో చిక్కుకుంది, ఆటగాళ్ళు ఒకరి వెనుక ఒకరు వీడిపోయారు. 2025లో ఆ క్లబ్బు హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలింది. మంచి వ్యూహం ఒక కప్పును తేగలదు. దానిని నిలుపుకునే నడవడి నేలలో వేరూనాలంటే ఎక్కువ కాలం పడుతుంది, ఎక్కువ చేతులు కావాలి.

మిగిలిన పాఠం

2024లో రహీం జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం వచ్చింది. అజయ్ దేవగణ్ ఆ పాత్రను ధరించారు. ఆ విధంగా కొత్త తరానికి ఆయన పేరు తిరిగి పరిచయమైంది. ఆయన మెచ్చిన తులసీదాస్ బలరాం మాత్రం ఆ చిత్రం విడుదలకు ముందే, 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో తుది శ్వాస విడిచారు.

చలనచిత్రంలో ఎక్కువగా కనిపించేది జకార్తా విజయం. రహీం జీవితంలో అసలు విలువైనది దానికి ముందు గడిచిన ఇరవై ఏళ్ళు. ఖరీదైన పరికరాలు లేవు, విదేశీ నిపుణులు లేరు. ఒక బంతి, ఒక చదునైన నేల, రెండు కొత్త నియమాలు, ఓపిక గల ఒక ఉపాధ్యాయుడు. ఇంతే పెట్టుబడి. రాయచూరు తాలూకాలోనైనా, తుంగభద్ర ఆవలి ఒడ్డున మంత్రాలయం వైపునైనా, ఇంత పెట్టుబడి లేని పాఠశాల అరుదు. వ్యాయామ ఉపాధ్యాయుడు మాత్రం ప్రతి పాఠశాలలోనూ ఉండడు. ఉన్నచోట ఆ గంటను ఇతర పాఠాలకు మళ్ళించడం ఆనవాయితీ అయింది. ఆ గంటలోనే ఒకప్పుడు ఆసియా విజేతలు తయారయ్యారని తల్లిదండ్రులు, పాఠశాల నిర్వాహకులు గుర్తుంచుకోవాలి.

గెలవడానికి పన్నాగం కావాలని అందరూ అంటారు. ఆ పన్నాగాన్ని నమ్మి నడిచే మనుషులను ముందు తయారుచేయాలని రహీం నిరూపించారు. అలా తయారైన మనుషులు ఉన్నప్పుడే పన్నాగానికి బలం వస్తుందని కూడా ఆయనే నిరూపించారు. క్రీడా జట్టుకే కాదు, పాలకేంద్రానికి, రైతు సంఘానికి, గ్రామ పాఠశాలకు కూడా ఇది వర్తిస్తుంది. ఒకనాటి ఉమ్మడి రాజధానిలో జీవించిన ఆ బడిపంతులు, గీతకు ఇరువైపులా ఉన్న గ్రామాలకు విడిచివెళ్ళిన ఉమ్మడి ఆస్తి ఇదే.